డబ్బా ఎక్కడ? తాళంచెయ్యి ఎవరి దగ్గర?

తీగ వచ్చింది. కొబ్బరికాయ కొట్టిండ్రు, ఫోటోలు దిగిండ్రు, పోయిండ్రు. ఇగ ఊరికి ఇంటర్నెట్టు వచ్చినట్టే అనుకున్నం. ఆర్నెల్ల తర్వాత అదే ఊరికి పోయి చూస్తే పంచాయతీ ఆఫీసు వెనుక అర్రల గోడకు ఒక ఇనుప డబ్బా ఉన్నది. దానికి తాళం ఉన్నది. తాళంచెయ్యి ఏదంటే కారోబారు సెక్రటరీని చూపిచ్చిండు, సెక్రటరీ మండలంల ఉండే కాంట్రాక్టరు మనిషిని చూపిచ్చిండు, కాంట్రాక్టరు మనిషి ఫోను ఎత్తలేదు. జాలిలోంచి టార్చి కొట్టి చూస్తే బ్యాటరీ ఉబ్బి పక్కలు పగిలి ఉన్నది. పైన బల్లి గుడ్లు. కింద చీమలు పెట్టిన మట్టి. డిగ్రీ చదివే పిల్లలు మాత్రం సెల్లుకు సిగ్నల్ దొరుకుతదని వాటర్ ట్యాంకు మెట్ల మీద కూసొని స్కాలర్‌షిప్పు దరఖాస్తులు నింపుతున్నరు.

ఊరి పేరు రాస్తలేము. రాస్తే రేపు పొద్దున ఆ సెక్రటరీకి మెమో వస్తది. తప్పు ఆ పిల్లగానిది కాదు.

రాష్ట్రం కోసం కొట్లాడిన పత్రికల ఇనుప డబ్బా ముచ్చట ఎందుకని ఎవరన్న అడుగొచ్చు. పన్నెండు వందల మంది ప్రాణాలు ఇచ్చింది డబ్బాల కోసమా అనొచ్చు. మేము చెప్పేది ఒక్కటే. 2014 జూన్ 2 తర్వాత మన కొట్లాట అసెంబ్లీ గేటు దగ్గర తక్కువ, ఊర్లల్ల ఇసొంటి తలుపుల దగ్గరనే ఎక్కువ. తలుపు తెరిచే అధికారం ఎవరికున్నది, బిల్లు ఎవరు కడతరు, కొలువు ఎవరికి దొరుకుతది? మనం 1969 నుంచి అడిగినయి ఇవే ప్రశ్నలు.

కిలోమీటర్ల లెక్క అందరు చెప్తరు. ఇన్ని వేల కిలోమీటర్ల కేబుల్ వేసినమని ఢిల్లీ చెప్తది, హైదరాబాద్ చెప్తది. డబ్బాలెన్ని బతికున్నయో మాత్రం ఎవరు చెప్పరు. కేబుల్ అనేది కాలువ. డబ్బా తూము. కాకతీయుల కాలం నుంచి చెరువుల మీద బతికిన జాతికి ఈ సంగతి విడమర్చి చెప్పాల్నా? కట్ట ఎంత పొడుగున్నా తూము పనిచెయ్యకుంటే పొలం తడవదు. అందుకే ప్రతి ఊరికి ఒక నీరటి ఉండేటోడు. తూము ఎప్పుడు ఎత్తాలె, ఎంత ఎత్తాలె, ఎవరి మడికి ఎన్ని గడియలు నీళ్లు పోవాలె అన్నది ఆయన చేతుల ఉండేది. ఆయన ఆ ఊరోడే. అర్ధరాత్రి లేపినా చెరువు కట్ట మీదికి వచ్చేటోడు.

ఈ కథ 2011 అక్టోబరుల మొదలైంది. దేశంలోని రెండున్నర లక్షల పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ ఇస్తమని కేంద్ర కేబినెట్ అప్పుడు ఒప్పుకున్నది. తర్వాత దాని పేరు భారత్‌నెట్ అయ్యింది. పైసలు ఎవరియి? ఫోను కంపెనీల ఆదాయంల నూటికి ఐదు వంతున పక్కకు తీసి పెట్టిన నిధి అది. ఆ ఆదాయం మనం రీచార్జి చేసుకున్న పైసలే. మన రాష్ట్రం వచ్చినంక 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండల మిషన్ భగీరథ మొదలైంది. నీళ్ల పైపు కోసం తవ్విన కందకంలనే ఫైబర్ గొట్టం కూడ వేస్తే ఒక్క తవ్వకంతోటి రెండు పనులు అయితయన్నరు. టీ-ఫైబర్ అన్నరు. ఆలోచన మంచిదే, ఇప్పటికి మంచిదే అంటం. తవ్వుడే కదా అసలు ఖర్చు. 2024 డిసెంబరుల పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్, నారాయణపేట జిల్లా మద్దూర్, సంగారెడ్డి జిల్లా సంగుపేటల ఇండ్లకు కనెక్షన్లు ఇచ్చి ప్రయోగం మొదలు పెట్టిండ్రు.

మూడు ఊర్లల్ల ఇంజినీర్లు కండ్లల్ల ఒత్తులేసుకొని చూస్తరు కాబట్టి నడుస్తది. పన్నెండు వేల ఏడువందల పైచిలుకు పంచాయతీల సంగతేంది? అక్కడ చూసుకునేది డబ్బా ఒక్కటే.

ఆ డబ్బాల ఏముంటదో తెలుసుకోకపోతే మనల్ని మాటలతోటి బోల్తా కొట్టిస్తరు. గాజు తీగలోంచి పోయేది వెలుగు. తీగకు కరెంటు అక్కర లేదు. ఒక తీగను ముప్పై రెండు ఇండ్లకో అరవై నాలుగు ఇండ్లకో పంచే స్ప్లిట్టరుకు కూడ కరెంటు అక్కర లేదు, అది చేతివేలంత గాజు ముక్క. దానికి నీళ్లు, దుమ్ము తగలకుంటే చాలు, ఏండ్లకేండ్లు ఉంటది. కాని వెలుగును పుట్టించే యంత్రం, మళ్లీ సిగ్నలుగా మార్చే యంత్రం, దారి చూపే రూటర్, వాటి కింద బ్యాటరీ, వీటికి కరెంటు కావాలె. కరెంటున్న చోట వేడి ఉంటది. వేడిని బయటికి పంపాలె, నీళ్లను, దుమ్మును లోపలికి రానియ్యొద్దు. గాలి ఆడాలంటే చిల్లి కావాలె, దుమ్ము రావొద్దంటే చిల్లి ఉండొద్దు. డబ్బా కట్టేటోని తలనొప్పంత ఇదే.

మొదటి విడతల అసలు యంత్రం మండలంల టెలిఫోను ఎక్సేంజిల ఉండేది, ఊర్ల చిన్న పరికరం ఉండేది. అది ఆగితే ఆ ఒక్క ఊరు ఆగేది. 2023 ఆగస్టుల కేంద్రం లక్షా 39 వేల కోట్ల పైచిలుకుతోటి మార్చిన పథకాన్ని ఒప్పుకున్నది. దాంట్ల మండలాన్ని, ఊర్లను గొలుసు లెక్క, ఉంగరం లెక్క కలుపుతరు. ప్రతి పంచాయతీల రూటర్ పెడతరు. ఒక దిక్కు తెగితే ఇంకో దిక్కు నుంచి సిగ్నల్ తిరిగి వస్తది. వినడానికి బాగుంది, నిజంగనే బాగుంది. కాని ఆ ఉంగరంల రెండు ఊర్ల డబ్బాలు ఒక్కసారి సచ్చినయనుకో, ఆ రెండింటి నడుమ మండలానికి అందకుండ పోయిన ఊర్లన్నీ చీకటే. పక్కూరి డబ్బా మన ఊరి సంగతి కూడ అయ్యింది. ఇంతకు ముందు ఈ బాధ లేకుండె.

ఎండ సంగతి చూడుండ్రి. రామగుండం, కొత్తగూడెం, భద్రాచలం, నల్లగొండ దిక్కు మే నెలల 45 డిగ్రీలు మనకు వింత కాదు. 2015 మేల వడదెబ్బకు మన రాష్ట్రంల వందల మంది పాణాలు పోయినయి. మనుషులే తట్టుకోని ఎండల ఇనుప డబ్బాను గోడకు కొట్టి పెడితే లోపల ఏమైతది? నెత్తి మీది ఎండ చదరపు మీటరుకు కిలోవాట్ దాక వేడి కుమ్మరిస్తది. మూసిన డబ్బాల బయటి కన్న పది, పదిహేను డిగ్రీలు ఎక్కువ కాగుతది. ఏసీ గదిల పెట్టే యంత్రాలకు నలభై, నలభై ఐదు డిగ్రీల దాకనే కంపెనీ పూచీ. బయట పెట్టడానికి గట్టిగ తయారు చేసినయి వేరే ఉంటయి, అరవై ఐదు దాక తట్టుకుంటయి, ధర ఎక్కువ. టెండర్ల తక్కువ రేటు వేసినోనికి పని ఇస్తే వాడు ఏది తెస్తడో చెప్పాల్సిన పని లేదు.

బ్యాటరీ సంగతి ఇంకా ఘోరం. సీసం బ్యాటరీకి 25 డిగ్రీల దగ్గర ఎంత ఆయుస్సు రాసి ఉంటదో, ఆపైన ప్రతి పది డిగ్రీలకు అది సగం అవుతది. పదేండ్ల బ్యాటరీ 35 కాడ ఐదేండ్లు, 45 కాడ రెండున్నరేండ్లు. అడ్డా మీద ఆటో నడిపే తమ్మునికి తెలిసిన ఈ లెక్క టెండరు కాయిదం రాసినోళ్లకు తెల్వదా? లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు వేడిని ఇంతకన్న బాగ తట్టుకుంటయి, ఇప్పుడు దొరుకుతున్నయి కూడ. ఊర్లల్ల అవే పెట్టాలె.

ఇంకో ముచ్చట, నవ్వొస్తది గని నిజం. డబ్బాకు ఏ రంగు వెయ్యాలె? మన దగ్గర ఏ సర్కారు వస్తే ఆ సర్కారు రంగు గోడలకెక్కుతది. డబ్బాకు మాత్రం తెలుపే వెయ్యాలె, లేదంటే లేత బూడిద రంగు. వేడిని తిప్పి కొట్టేది అదే. రెండు పొరల గోడ ఉండాలె, నడుమ గాలి ఆడాలె, మీద చిన్న నీడ రేకు ఉండాలె. తలుపు ఉత్తరం దిక్కు ఉండాలె. మన తాతలు పెంకుటింటికి అటక కట్టుకున్నది ఈ తెలివితోటే.

దుమ్ము అన్ని చోట్ల ఒక్క తీరు ఉండదు. గోదావరిఖని, మణుగూరు, ఇల్లందుల బొగ్గు. తాండూరు, మేళ్లచెరువు దిక్కు సిమెంటు. ఆదిలాబాద్‌ల పత్తి మిల్లుల కాలంల గాలంత దూదే. అసొంటి చోట ఫ్యాను, జాలి పెట్టిన డబ్బా ఇస్తే జాలి మూసుకపోతది, లోపల పొయ్యి అయితది. అక్కడ పూర్తిగ మూసిన డబ్బా కావాలె, లోపలి గాలి బయటికి రాకుండనే వేడి మాత్రం గోడ దాటిపొయ్యే ఏర్పాటు కావాలె. డబ్బాల మీద ఐపీ అని రెండంకెలు ఉంటయి. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీళ్లకు. 65 అంటే దుమ్ము అస్సలు పోదు, అన్ని దిక్కుల నుంచి నీళ్లు చిమ్మినా లోపలికి పోవు. మీ ఊరి డబ్బా మీద ఏమున్నదో పోయి చూడుండ్రి. ఆ అంకె లేకపోతే ఎందుకు లేదని అడుగుండ్రి. అంకె ఉన్నా, కేబుల్ లోపలికి పొయ్యే బొక్క కాడ రబ్బరు బిగించకుండ మైనం ముద్ద పెట్టి పోతే ఆ అంకె ఎందుకు పనికిరాదు. ఎలుకలు, చీమలు, తేళ్లు వచ్చేది ఆ బొక్కలోంచే.

నీళ్ల మాట చెప్తే మనసు కలుక్కుమంటది. 2022 జులైల భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటింది. 2023 జులైల భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచేసింది, జనం ఇండ్ల కప్పుల మీద నిలబడ్డరు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మంల పడ్డది. ఆ రోజులల్ల మా వాళ్లు బతికున్నరా అని తెలుసుకునే దారి లేక దుబాయిల, బొంబాయిల ఉన్నోళ్లు గోస పడ్డరు. ఇసొంటప్పుడు ఊరికి కావాల్సిన మొదటి వస్తువు సమాచారం. వరద దిగినంక గోడల మీద నీటి చార పడ్డది. డబ్బా దిమ్మె ఆ చార కన్న పైకి ఉండాలె. దీనికి ఢిల్లీ నుంచి నిపుణుడు రావాల్సిన పనిలేదు. ఊర్ల ముసలవ్వను అడిగితే వాగు ఎంతదాక వచ్చిందో వేలు పెట్టి చూపిస్తది. డబ్బా జాగ ఖరారు చేసే ముందు ఆ అవ్వను ఎవరన్న అడిగిండ్రా?

జాగ అంటే గుర్తొచ్చింది. పంచాయతీ ఆఫీసుల పెడతమంటరు. ఏ పంచాయతీ ఆఫీసు? 2018ల కొత్తగ నాలుగు వేల మూడువందల పైచిలుకు పంచాయతీలు పుట్టినయి. వాటిల 1,177 తండాలు, గూడేలు. 'మా తండాల మా రాజ్యం' అని బంజారా బిడ్డలు ఏండ్లకేండ్లు కొట్లాడి తెచ్చుకున్నరు. సంతోషం. కాని వాటిల ఎన్నింటికో సొంత కట్టడం లేదు. బడి అర్రల, అంగన్‌వాడీల, కిరాయి ఇంట్ల నడుస్తున్నయి. అక్కడ డబ్బా పెడితే బడి పిల్లలు దాని కింద కూసోవాలె. సర్పంచ్ ఇంట్ల పెడితే ఓడిపోయినోడు ఆ గడప తొక్కడు. ఎటూ కాకపోతే 'జాగ లేదు' అని రాసి తండాను లిస్టు చివర్ల పెడతరు. అప్పట్ల రోడ్డుకు గిట్లనే చేసిండ్రు, బస్సుకు గిట్లనే చేసిండ్రు. కట్టడం లేని ఊరికే బయట దిమ్మె కట్టి గట్టి డబ్బా పెట్టాలె, అది కూడ మొదటి లిస్టుల పెట్టాలె. కట్టడం ఉన్న ఊరికి నాలుగు రోజులు ఆలస్యమైనా నడుస్తది.

భూమిల వేసుడు వద్దు, కరెంటు స్తంభాల మీద వేలాడదీసుడే మేలు అనే వాదన కూడ ఉన్నది. విడిపోయినంక ఆంధ్రప్రదేశ్ ఆ దారి పట్టింది. సబ్‌స్టేషన్లల్ల యంత్రాలు పెట్టి స్తంభాల మీదుగ తీగ గుంజిండ్రు. తక్కువ ఖర్చు, తొందరగ అయ్యింది, ఆ మాట ఒప్పుకోవాలె. సబ్‌స్టేషన్‌ల పెట్టుడు కూడ తెలివైన పనే, అక్కడ కరెంటు ఉంటది, కావలి ఉంటది. కాని తుఫాను వస్తే స్తంభంతోపాటు తీగ పోతది. 2018 అక్టోబరుల తిత్లీ శ్రీకాకుళం జిల్లాల వేల స్తంభాలు పడగొట్టింది. మనకు తుఫాను తక్కువ. మన రోగం వేరు, జేసీబీ. పైపు పగిలితే తవ్వుతరు, పక్కనున్న గొట్టం తెగుతది. నీళ్లోడు తవ్వే ముందు తీగోనికి చెప్పే పద్ధతి ఉంటే సగం తెగుళ్లు ఆగుతయి.

స్తంభాల మీద వేలాడేటి డబ్బాల సంగతి హైదరాబాదుల చూసినం. 2025 ఆగస్టుల రామంతాపూర్‌ల కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయిండ్రు. దాని తర్వాత స్తంభాల మీది కేబుళ్లను కరెంటోళ్లు కోసుకుంట పోయిండ్రు, కాలనీలకు కాలనీలు ఇంటర్నెట్టు లేక ఆగినయి, పంచాయితీ హైకోర్టు దాక పోయింది. గాజు తీగ కరెంటు మొయ్యదు, నిజమే. దాన్ని వేలాడదీసే ఇనుప తీగ మోస్తది. స్తంభం మీద డబ్బాకు లైన్లోంచి దొంగ కనెక్షన్ గుంజి, ఎర్తింగ్ లేకుండ వదిలేస్తే అది లైన్‌మెన్‌కు యముడే. విద్యుత్ ఉద్యోగ మిత్రులు ఈ మాట ఏండ్ల నుంచి చెప్తున్నరు. స్తంభమెక్కేది వాళ్లు, సచ్చేది వాళ్లు. ఊర్లల్ల ఇదే తప్పు మళ్లీ చెయ్యొద్దు. ప్రతి డబ్బాకు మీటరు ఉండాలె, ఎర్తింగ్ గుంత ఉండాలె, పిడుగుల కాలంల కాపాడే పరికరం ఉండాలె.

మీటరు బిల్లు ఎవరు కడతరు? పంచాయతీనా? వీధి దీపాల బిల్లుకే పైసలు లేక సెక్రటరీలు బిక్కమొకం వేస్తున్నరు. లాభం కంపెనీకి, బిల్లు పంచాయతీకి అంటే ఎట్ల కుదురుతది? జాగ పంచాయతీది, అర్ర పంచాయతీది. కిరాయి ఇయ్యాలె, బిల్లు వాళ్లే కట్టాలె.

ఇగ అసలు మాట, తాళంచెయ్యి. కొత్త పథకంల కట్టుడు, ఆ తర్వాత పదేండ్లు నడుపుడు కలిపి ఒక్కనికే కాంట్రాక్టు. అంటే పదేండ్లు తాళంచెయ్యి వాని జేబుల ఉంటది. వాడు ఎక్కడోడు, వాని మనుషులు ఎక్కడోళ్లు అని అడిగే హక్కు మనకు ఉన్నదా లేదా? 1985ల 610 జీవో వచ్చింది, అమలు చెయ్యిమని ఒక తరం తరమే రోడ్లెక్కింది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వులతోటి సర్కారు కొలువులల్ల నూటికి 95 స్థానికులకు వచ్చినయి. కాని కాంట్రాక్టరు పెట్టుకునే టెక్నీషియన్‌కు ఆ ఉత్తర్వు వర్తించదు. కొలువులు సర్కారు నుంచి కాంట్రాక్టరు చేతికి పోయినయి, రిజర్వేషన్ సర్కారు కాయిదం మీద మిగిలింది. ఉద్యోగ సంఘాలు ఈ బొక్కను ఎందుకు చూస్తలేవో మాకు సమజైతలేదు.

ఆ పని అంత బ్రహ్మవిద్య ఏం కాదు. వెంట్రుక లెక్క సన్నటి రెండు గాజు తీగల కొసలు శుభ్రం చేసి, నిటారుగ కోసి, మిషన్‌ల పెడితే అది నిప్పురవ్వతోటి అతికిస్తది. ఎక్కడ తెగిందో మీటర్లల్ల చూపిచ్చే మిషన్ ఇంకోటి ఉంటది. ఐటీఐ, పాలిటెక్నిక్ చదివిన పిల్ల అయినా పిల్లగాడైనా కొన్ని వారాలల్ల చేతికి తెచ్చుకుంటరు. మిషన్ ధర లక్షలల్ల ఉంటది కాబట్టి ఊరికొకటి కుదరదు, మండలానికి రెండు చాలు. జాలి దులుపుడు, బ్యాటరీ చూసుడు, కరెంటు పోతే చెప్పుడు, వాన పడ్డంక రబ్బరు చూసుడు, వీటికి ఊరికొక మనిషి కావాలె. మేము అడిగే ఫైబర్ నీరటి ఆ మనిషే. జీతం ఎవరు ఇయ్యాలె అంటే, పదేండ్ల నడుపుడు పైసలు కాంట్రాక్టుల ఇప్పటికే లెక్కగట్టి ఉన్నయి కదా, అండ్లోంచే.

డబ్బాలు ఎవరు చెయ్యాలె అన్నది కూడ మా ప్రశ్న. 1942ల పుట్టిన హైదరాబాద్ ఆల్విన్ ఇనుప బీరువాలు చేసింది, బస్సు బాడీలు కట్టింది, ఫ్రిజ్‌లు చేసింది. తొంభైలల్ల అది ముక్కలై అమ్ముడుపోయింది. ఆ పనితనం నేర్చినోళ్ల వారసులు ఇంకా బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షెడ్లల్ల రేకు వంచుతున్నరు, పౌడర్ కోటింగ్ చేస్తున్నరు. రెండు పొరల తెల్ల డబ్బా వాళ్లకు చెయ్యరాదా? వేల డబ్బాల ఆర్డరు వేరే రాష్ట్రంల పెద్ద ఫ్యాక్టరీకి పోయి, మన షెడ్లకు వాటిని లారీల నుంచి దించే కూలి మిగులుతదా?

2025 డిసెంబరుల పంచాయతీ ఎన్నికలు అయినయి. రెండేండ్ల దగ్గర దగ్గర స్పెషల్ ఆఫీసర్ల కింద ఉన్న ఊర్లకు సర్పంచులు వచ్చిండ్రు. 2018 చట్టం ప్రకారం రెండు నెలలకు ఒక్కసారన్న గ్రామసభ పెట్టాలె. విద్యార్థి మిత్రులు సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆ సభల నిలబడుండ్రి. మన ఊరి డబ్బా ఎక్కడ పెడుతున్నరు, దిమ్మె ఎత్తెంత, మీటరు ఎవరి పేరు మీద, తాళంచెయ్యి ఎవరి దగ్గర అని అడిగి, జవాబు రిజిస్టరుల రాయించుండ్రి. సర్పంచ్ ఒక్కడే జవాబు చెప్పలేడు, మండలం నుంచి ఆ కాంట్రాక్టరు మనిషిని పిలిపియ్యుమనుండ్రి. ఇప్పటికే డబ్బా ఉన్న ఊరైతే ఏప్రిల్‌ల ఒక రోజు మిట్టమధ్యాహ్నం పోయి దాని తలుపు మీద అరచెయ్యి పెట్టి చూడుండ్రి. చెయ్యి నిలుస్తలేదంటే ఊరు పేరు, మండలం పేరు రాసి మాకు పంపుండ్రి. సెక్రటరీ పేరు రాయకుండ్రి.